పాఠకుల ప్రశ్నలు: యూనివర్సిటీ బీరువాల్లో ఉన్న మొక్కలకీ పిట్టలకీ దిక్కెవరు?

మన యూనివర్సిటీల్లో దాచిపెట్టిన ఎండు మొక్కల షీట్లు, సీసాల్లో ఉన్న జంతువుల నమూనాలు చూసేవాళ్ళు లేక పాడైపోతున్నాయని పోయిన సంచికలో ఒక చిన్న నోట్ వేశాం. దాని మీద చాలా ఉత్తరాలు, మెయిల్స్ వచ్చాయి, కొన్ని కోపంగా, కొన్ని బాధగా, కొన్ని మరీ సూటిగా. అందుకే ఈసారి కాలమ్ మొత్తం వాటికే ఇచ్చేస్తున్నాం. ఎక్కువమంది పేర్లు వెయ్యొద్దని అడిగారు కాబట్టి ఎవరి పేరూ వెయ్యట్లేదు.

ప్రశ్న (డిగ్రీ ఫైనలియర్ స్టూడెంట్, బద్వేలు): సార్, చచ్చిపోయినవాటిని దాచుకోడానికి అంత ఖర్చు ఎందుకు? ఆ డబ్బేదో బతికున్న అడవికి పెట్టొచ్చు కదా. నిజంగా తెలుసుకోవాలనే అడుగుతున్నాను.

జవాబు: మంచి ప్రశ్నే అడిగావు. నీది బద్వేలు కాబట్టి మీ లంకమల అడవి పిట్టతోనే చెప్తాను. కలివి కోడి సంగతి నీకు తెలిసే ఉంటుంది, 1848లో ఎడ్వర్డ్ బ్లిత్ అనే శాస్త్రవేత్త దానికి శాస్త్రీయ నామం పెట్టాడు, 1900లో అనంతపురం దగ్గర చూసినట్టు ఒక రికార్డు ఉంది, ఆ తర్వాత దాని జాడే లేదు, ఇక అంతరించిపోయిందనే అందరూ అనుకున్నారు. 1986 జనవరిలో మీ కడప జిల్లా రెడ్డిపల్లి దగ్గర ఐతన్న అనే స్థానికుడి సాయంతో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీకి చెందిన భరత్ భూషణ్ గారు మళ్ళీ కనిపెట్టేదాకా అంతే. ఇదంతా మన పేపర్లలో చాలాసార్లు వచ్చింది.

కానీ దాని గుడ్డు కథ మనవాళ్ళలో చాలామందికి తెలీదు. ఈ పిట్ట గుడ్డు ఎలా ఉంటుందో, ఏ రంగో, ఎంత సైజో 2013 దాకా ప్రపంచంలో ఎవరూ రాయలేదు. ఆ ఏడాది స్కాట్లండ్‌లోని అబర్డీన్ యూనివర్సిటీ జువాలజీ మ్యూజియంలో ఒక గుడ్డు ఉందని తేల్చి పేపర్ వేశారు. 1917లో మన చిత్తూరు జిల్లా పక్కనే, కోలార్ ప్రాంతంలో సేకరించిన గుడ్డు అది, బంగారు గనుల దగ్గర పనిచేసిన ఒక పశువైద్యుడు ఏరి పెట్టుకున్నాడు, అది చేతులు మారి అబర్డీన్‌లో ఒక స్కూలుకి చేరి, ఆ స్కూలు వాళ్ళు తర్వాత తమ గుడ్ల కలెక్షన్ యూనివర్సిటీకి ఇస్తే దాంతోపాటు అక్కడి సొరుగులోకి వెళ్ళింది. అక్కడ క్యూరేటర్‌గా చేసిన అలన్ నాక్స్ కంట్లో పడింది. సరే అని ఊరికే నమ్మలేదు, లండన్ నేచురల్ హిస్టరీ మ్యూజియం వాళ్ళ దగ్గర ట్రింగ్‌లో ఉన్న పాత కలివి కోడి చర్మాల కాలివేళ్ళ నుంచి చిన్న ముక్క తీసి, గుడ్డులోంచి తీసిన డీఎన్ఏతో పోల్చి చూస్తే సరిపోయింది.

ఇందులో గమనించాల్సింది ఏంటంటే 1900 తర్వాత కనపడకుండా పోయిందని లెక్కేసిన పిట్ట 1917లో అక్కడ గుడ్డు పెట్టిందని, అదీ కడప అనంతపురం వైపే కాకుండా కోలార్ దాకా ఉండేదని ఆ ఒక్క గుడ్డు చెప్పింది. ఇప్పుడు ఆ పిట్ట కోసం ఎక్కడెక్కడ వెతకాలి, ఎలాంటి ముళ్ళపొదల నేల కాపాడాలి అని ఆలోచించేవాళ్ళకి అది చాలా పెద్ద సమాచారం. బతికున్న అడవికి డబ్బు పెట్టమన్నావు కదా, ఏ అడవికి పెట్టాలో చెప్పేది ఇదే మరి. 1917లో గుడ్డు తీసినాయనకి డీఎన్ఏ అనే మాట కూడా తెలిసే అవకాశం లేదు, మధ్యలో దాచినవాళ్ళెవరికీ అది ఒకరోజు ఇలా పనికొస్తుందని తెలీదు, అయినా పారెయ్యలేదు, లేబుల్ పోగొట్టలేదు. డీడీటీ వల్ల డేగల గుడ్ల పెంకులు పలచబడ్డాయని 1960ల్లో తేల్చింది కూడా ఇలాంటి పాత గుడ్ల పెంకులతో పోల్చి చూసే. ఆ గుడ్లు ఏరినవాళ్ళలో ఎవరూ పురుగుమందుల మీద రీసెర్చ్ కోసం ఏరలేదు. నువ్వు అడవి వైపు నిలబడి అడిగావు, అలాగే నిలబడు, కానీ మీ కాలేజీ జువాలజీ ల్యాబ్‌లో ఉన్న సీసాల లేబుళ్ళు ఒకసారి చదివి చూడు, ఏ ఊరు, ఏ ఏడాది అని ఉందో, నాకు రాయి.

ప్రశ్న (సాఫ్ట్‌వేర్ ఉద్యోగిని, కేరీ, నార్త్ కరొలైనా): మా ఇంటి దగ్గర్లోనే డ్యూక్ యూనివర్సిటీ. వాళ్ళ హెర్బేరియం (ఎండు మొక్కల షీట్లు దాచే చోటు) మూసేస్తామన్నారని ఇక్కడ పెద్ద గొడవ అయింది. అంత డబ్బున్న యూనివర్సిటీకే భారమైతే మన దగ్గర ఎలా నిలబడుతుంది? పైగా అన్నీ స్కాన్ చేసి ఆన్‌లైన్లో పెట్టేస్తే ఒరిజినల్స్ అవసరమా?

జవాబు: రెండు ప్రశ్నలూ ముఖ్యమైనవేనమ్మా. డ్యూక్ హెర్బేరియం 1921లో మొదలైంది, 2024 నాటికి అందులో దాదాపు 8,25,000 నమూనాలు ఉన్నాయి, మొక్కలు, నాచు, లైకెన్లు, శిలీంధ్రాలు అన్నీ కలిపి, అమెరికాలో పెద్ద హెర్బేరియంలలో అదొకటి. 2024 ఫిబ్రవరిలో యాజమాన్యం దీన్ని రెండు మూడేళ్ళలో వేరే చోట్లకి పంపించేస్తామని చెప్పింది, భవనాలకి పెట్టాల్సిన ఖర్చు, ముందుముందు చూసుకునే ఫ్యాకల్టీ విషయం కారణాలుగా చూపించింది. ఆ యూనివర్సిటీ ఎండోమెంట్, అంటే మూలనిధి, 1,100 కోట్ల డాలర్ల పైమాటే. కాబట్టి డబ్బు లేక అనే మాట అక్కడ చెల్లదు. ఆ డబ్బులో ఈ బీరువాలకంటూ రాసిపెట్టిన వాటా లేకపోతే ఎంత పెద్ద యూనివర్సిటీ అయినా అంతే. ప్రతి బడ్జెట్‌లోనూ హెర్బేరియం మళ్ళీ మొదట్నుంచి తన అవసరం నిరూపించుకోవాల్సి వస్తుంది, కొత్త ల్యాబ్‌తో, కొత్త బిల్డింగ్‌తో పోటీ పడాల్సి వస్తుంది, ఏదో ఒక ఏడాది ఓడిపోతుంది.

ఇంకా దారుణమైనది లూసియానాలో జరిగింది. అక్కడ మన్రోలో ఉన్న స్టేట్ యూనివర్సిటీ 2017 మార్చిలో రన్నింగ్ ట్రాక్ పెంచడానికి స్థలం కావాలని కలెక్షన్లు ఖాళీ చెయ్యమంది. సుమారు 60 లక్షల చేపల నమూనాలు, 5 లక్షల దాకా మొక్కల షీట్లు. క్యాంపస్‌లో ఇంకెవరైనా తీసుకుంటారా అని చెప్పడానికి 48 గంటలు టైమిచ్చారు, బయటివాళ్ళు తీసుకోడానికి జులై దాకా, లేకపోతే నాశనం చేస్తామన్నారు. గోల జరిగింది కాబట్టి బతికాయి, మొక్కలు టెక్సాస్‌లో ఫోర్ట్ వర్త్‌లోని బొటానికల్ రీసెర్చ్ ఇన్‌స్టిట్యూట్‌కి వెళ్ళాయి. ప్రతిసారీ గోల మీదే ఆధారపడలేం కదా.

స్కాన్ విషయం. స్కాన్ చెయ్యాల్సిందే, అందులో రెండో మాట లేదు, ఊళ్ళో కూర్చుని ప్రపంచంలో ఏ షీటైనా చూసే అవకాశం వచ్చింది దానివల్లే. కానీ ఫోటోలోంచి డీఎన్ఏ రాదు, పుప్పొడి రాదు, విత్తనం కోసి చూడటం కుదరదు, ఆకు అడుగున ఉన్న నూగు ఒంటి పాయా రెండు పాయలా అని మైక్రోస్కోప్ కింద చూస్తే గానీ తెలీని జాతులు బోలెడు. 1993లో అమెరికా నైరుతిలో జనం ఉన్నట్టుండి ఊపిరితిత్తుల జబ్బుతో చనిపోతుంటే అది హంటావైరస్ అని, ఎలకల నుంచి వచ్చిందని తేలింది. అది ఎక్కడినుంచో కొత్తగా ఊడిపడిందేమో అని భయపడుతున్న టైంలో న్యూ మెక్సికో యూనివర్సిటీ మ్యూజియంలో అంతకు ముందు ఏళ్ళలో పట్టి ఫ్రీజ్ చేసి ఉంచిన ఎలకల కణజాలంలో చూస్తే ఆ వైరస్ అప్పటికే అక్కడ ఉందని బయటపడింది. ఎలకల ఫోటోలు ఎన్ని ఉన్నా ఆ సంగతి తెలిసేది కాదు.

మీరు అక్కడే ఉన్నారు కాబట్టి ఒక మాట, డ్యూక్ పూర్వ విద్యార్థులు మీ చుట్టూ ఎవరైనా ఉంటే వాళ్ళ చేత రాయించండి. పూర్వ విద్యార్థుల ఉత్తరాలకి యూనివర్సిటీలు ఇచ్చే విలువ వేరే.

ప్రశ్న (బోటనీ అసిస్టెంట్ ప్రొఫెసర్, కోస్తాలో ఒక యూనివర్సిటీ): మా గైడ్ గారు 30 ఏళ్ళు తూర్పు కనుమల్లో తిరిగి హెర్బేరియం కట్టారు, ఆయన రిటైరయ్యారు. ఆయన పోస్టు నింపలేదు, హెర్బేరియం చూసే అటెండర్ కూడా రిటైరయ్యాడు. గది బయోటెక్నాలజీ వాళ్ళకి ఇచ్చారు, మా బీరువాలు వరండాలోకి వచ్చాయి. ప్రాజెక్టులు రాస్తున్నాను, వస్తే మూడేళ్ళు గడుస్తుంది, తర్వాత మళ్ళీ మామూలే. శాశ్వతంగా ఏం చెయ్యొచ్చు?

జవాబు: మీ ఉత్తరం చదివి చాలాసేపు అలాగే కూర్చున్నాను, ఎందుకంటే ఇది మీ ఒక్కరి కథ కాదు, దాదాపు ఇవే మాటలతో ఇంకో నలుగురు రాశారు. మన దగ్గర హెర్బేరియం ఒక మనిషి పేరు మీద పుట్టి ఆ మనిషి రిటైర్మెంట్‌తో అనాథ అవుతుంది. కాబట్టి మీరు చెయ్యాల్సిన పని అంతా దాన్ని మనిషి చేతిలోంచి సంస్థ చేతిలోకి మార్చడమే, ఆ మార్పు కాగితం మీద జరగాలి.

మొట్టమొదట, ఆ షీట్లు ఇప్పుడు ఎవరివి? నవ్వుకోకండి, చాలాచోట్ల దీనికి జవాబు లేదు. డిపార్ట్‌మెంట్ స్టాక్ రిజిస్టర్లో బీరువాలు ఎక్కి ఉంటాయి గానీ షీట్లు ఎక్కి ఉండవు. రేపు ఎవరో హెచ్ఓడీ పాత సామాను కండెమ్ చేస్తే బీరువాతోపాటు లోపలున్నవీ పోతాయి, ఎవరూ తప్పు చేసినట్టు కూడా అవ్వదు, ఎందుకంటే రికార్డు ప్రకారం అందులో ఏమీ లేదు. అందుకని ముందు యాక్సెషన్ రిజిస్టర్ రాయండి, ప్రతి షీటుకీ నంబరు, ముద్ర. ఓపిక లేకపోతే ముందు టైప్ స్పెసిమెన్లు, అంటే ఏ షీటు ఆధారంగా కొత్త జాతికి పేరు పెట్టారో ఆ షీట్లు, తర్వాత శేషాచలం, నల్లమల, పాపికొండల నుంచి వచ్చినవి, తర్వాత మిగతావి. టైప్ షీట్లు ఉంటే వాటిని విడిగా ఎర్ర ఫోల్డర్లో పెట్టి లిస్టు వీసీ ఆఫీసుకి పంపండి, ఆ లిస్టు ఫైల్లో ఉండటమే ఒక రక్షణ.

రెండోది, ఎగ్జిక్యూటివ్ కౌన్సిల్, అంటే యూనివర్సిటీ పాలకమండలి, తీర్మానం. ఇది మన హెర్బేరియం, యూనివర్సిటీ ఆస్తి, దీని క్యూరేటర్‌గా ఫలానా హోదాలో ఉన్న వ్యక్తి ఉంటారు, కౌన్సిల్ అనుమతి లేకుండా కదిలించకూడదు, పారెయ్యకూడదు, ఒకవేళ యూనివర్సిటీ నడపలేని పరిస్థితి వస్తే ఫలానా సంస్థకి మొత్తంగా అప్పగించాలి, అని నాలుగు వాక్యాలు చాలు. చివరి వాక్యం రాయడానికి అందరూ జంకుతారు, అపశకునం అన్నట్టు. కానీ అది ముందే రాసి ఉంటేనే విడిపోకుండా, ముక్కలు ముక్కలు కాకుండా ఒకచోటికి వెళ్తుంది. బెంగళూరు సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో వృక్షశాస్త్రవేత్త సల్దానా గారి టీం మొదలుపెట్టిన హెర్బేరియం ఇప్పుడు ఐఐఎస్‌సీలో (ఇండియన్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సైన్స్) ఉంది, పేపర్లలో దాన్ని గుర్తించడానికి వాడే జేసీబీ అనే పాత కోడ్‌తోనే నడుస్తోంది. ఇల్లు మారినా చెక్కుచెదరకుండా మారింది.

మూడోది బడ్జెట్ హెడ్. ప్రాజెక్టు డబ్బుతో స్కానర్ కొనొచ్చు, బీరువాలు కొనొచ్చు, ఫెలోని పెట్టుకోవచ్చు. కానీ ప్రతి వానాకాలం ముందు షీట్లని వంతులవారీగా ఫ్రీజర్లో పెట్టి తియ్యడం, పురుగు చూడటం, కలరా ఉండలు మార్చడం ప్రాజెక్టు ఉన్నా లేకపోయినా ప్రతి ఏడాదీ జరగాలి. దీనికి కావాల్సింది పెద్ద మొత్తం కూడా కాదు, కానీ యూనివర్సిటీ వార్షిక బడ్జెట్లో దానికి ఒక లైను ఉండాలి, ఎంత చిన్నదైనా సరే, ఒకసారి లైను పడితే వచ్చే ఏడాది దాన్ని కొట్టెయ్యడానికి ఎవరో ఒకరు కారణం రాయాల్సి వస్తుంది. అదే మీకు కావాల్సింది.

నాలుగోది పోస్టు, అన్నిటికన్నా కష్టమైనది. కొత్త పోస్టు కోసం సెక్రటేరియట్ చుట్టూ తిరిగితే ఏళ్ళు పడుతుంది. ఈలోపు ఉన్న టెక్నికల్ స్టాఫ్‌లో ఒకరికి హెర్బేరియం కీపర్ బాధ్యత రాతపూర్వకంగా ఇప్పించండి, అది వాళ్ళ సర్వీస్ రికార్డులో ఎక్కాలి, ఊరికే కాస్త చూస్తుండు బాబూ అంటే సరిపోదు. మీకు కూడా క్యూరేటర్ పనిని వర్క్‌లోడ్‌లో లెక్కపెట్టమని అడగండి.

చివరగా, మీ హెర్బేరియం న్యూయార్క్ బొటానికల్ గార్డెన్ నడిపే ఇండెక్స్ హెర్బేరియోరం అనే ప్రపంచ జాబితాలో నమోదైందో లేదో చూడండి. ప్రపంచంలో 3,000కి పైగా హెర్బేరియంలు అందులో ఉన్నాయి, మీ కోడ్ అందులో ఉంటే పేపర్లు రాసేవాళ్ళు ఆ కోడ్‌తో మీ షీట్లని ఉదహరిస్తారు. అలా ఉదహరించిన ప్రతి పేపరూ జాగ్రత్త చెయ్యండి, థీసిస్‌లు కూడా. ఏటా ఒక పేజీ రిపోర్టు, ఎవరు వచ్చారు, ఏం చూశారు, ఏం తేలింది అని రాసి రిజిస్ట్రార్‌కి పంపండి, యూనివర్సిటీలకి గ్రేడ్లు ఇచ్చే నాక్ వాళ్ళు వచ్చినప్పుడు చూపించడానికీ పనికొస్తుంది. వరండా సంగతి మాత్రం ఈ నెలలోనే తేల్చుకోండి, వాన జల్లు కొట్టే చోట ఒక్క సీజన్ చాలు, బూజు మొదలైతే ముప్పై ఏళ్ళ పని పోతుంది.

ఒకటి చెప్పాలి. అనంతపురం శ్రీకృష్ణదేవరాయ యూనివర్సిటీలో టి. పుల్లయ్య గారు, ఆయనతో పనిచేసినవాళ్ళు కట్టిన కలెక్షన్లు లేకపోతే 1997 నుంచి వచ్చిన ఆంధ్రప్రదేశ్ వృక్షజాల సంపుటాలు ఉండేవి కావు. ఎర్రచందనం ఎక్కడెక్కడ ఉంది, తిరుమల కొండల పేరిత, కొండ సాంబ్రాణి ఎంత ఎత్తున పెరుగుతాయి అని ఈ రోజు మనం ధైర్యంగా చెప్తున్నామంటే వెనక ఎవరో ఎండలో కొండెక్కి తెచ్చి, న్యూస్‌పేపర్ల మధ్య ఆరబెట్టి, కుట్టి, కుడి చేతి కింది మూలన లేబుల్ అంటించిన షీట్లు ఉన్నాయి. ఆ లేబుల్ మీద తేదీ, కొండ పేరు, ఎత్తు, పువ్వు రంగు, అక్కడి మనుషులు చెప్పిన మొక్క పేరు ఉంటాయి, పక్కనే చిన్న కాగితం పొట్లంలో రాలిన గింజలు ఉంటాయి. ఆ పొట్లం విప్పి చూడండి, కొన్నిటి చెట్లు ఆ కొండ మీద ఇప్పుడు ఉండకపోవచ్చు.

ప్రశ్న (పూర్వ విద్యార్థి, హ్యూస్టన్): నేను చదివిన డిపార్ట్‌మెంట్ హెర్బేరియానికి 10 లక్షల రూపాయలు ఇద్దామనుకుంటున్నాను. ఎలా ఇస్తే నిలబడుతుంది?

జవాబు: ముందు మీ మంచి మనసుకి దండం. ఇప్పుడు లెక్క. 10 లక్షలు బ్యాంకులో వేసి 7 శాతం వచ్చిందనుకుందాం, ఏడాదికి 70,000. అంతా ఖర్చు పెట్టేస్తే పదిహేనేళ్ళకి ఆ 70,000 కొనేది ఇప్పటి సగం కూడా ఉండదు. ధరలు ఏటా 5 శాతం పెరుగుతాయనుకుంటే 50,000 తిరిగి అసల్లో కలపాలి, ఖర్చుకి మిగిలేది 20,000. దాంతో షీట్లు, జిగురు, స్పిరిట్, ఫ్రీజర్ రిపేరు గడుస్తాయి, మనిషి జీతం గడవదు. నెలకి 25,000తో ఒక మనిషిని శాశ్వతంగా పెట్టాలంటే ఇదే లెక్కన కోటిన్నర కావాలి. అంటే మీ ఒక్కరితో అయ్యేది కాదు, మీ బ్యాచ్‌లు కలవాలి, కానీ మీ పది లక్షలు మొదలు అవుతాయి.

ఇచ్చేటప్పుడు కార్పస్ (మూలనిధి) అని స్పష్టంగా ఉత్తరంలో రాయండి, వడ్డీ దేనికి వాడాలో, అసలు ముట్టుకోకూడదని, ఏటా లెక్క మీకు పంపాలని ఎంఓయూలో (ఒప్పంద పత్రంలో) పెట్టించండి. జనరల్ ఫండ్‌లో పడితే జీతాల్లో కలిసిపోతుంది, ఎవర్నీ తప్పుపట్టలేం. మీరు అమెరికా పౌరసత్వం తీసుకుని ఉంటే ఎఫ్‌సీఆర్ఏ (విదేశీ విరాళాల చట్టం) రూల్స్ వర్తించే అవకాశం ఉంది, పంపేముందే యూనివర్సిటీ ఫైనాన్స్ ఆఫీసర్ని అడగండి. కంపెనీలు సామాజిక బాధ్యత కింద ఇచ్చే సీఎస్ఆర్ డబ్బు గురించి కూడా చాలామంది అడుగుతున్నారు, దాన్ని కార్పస్‌లో వెయ్యడం 2021 నుంచి కుదరదు, అది కాలపరిమితి ఉన్న పనులకే, కాబట్టి బీరువాలు, ఏసీలు, స్కానింగ్ అటునుంచి అడిగి, మనిషి జీతం మాత్రం మీలాంటి వాళ్ళ కార్పస్ నుంచి చూసుకోవడం మంచిది.

ఎలా ఇవ్వాలో చూడాలంటే కాలిఫోర్నియా బర్క్‌లీలో ఆనీ అలెగ్జాండర్ గారిని చూడండి. 1908లో ఆవిడ సొంత డబ్బుతో అక్కడ వెన్నెముక జంతువుల మ్యూజియం పెట్టించింది, జోసెఫ్ గ్రిన్నెల్‌ని డైరెక్టర్‌గా తనే ఎంచుకుంది, డబ్బు ఇచ్చి ఊరుకోకుండా దశాబ్దాలపాటు వెంట ఉంది. గ్రిన్నెల్ 1910లోనే ఈ కలెక్షన్ అసలు విలువ చాలా ఏళ్ళు, బహుశా నూరేళ్ళు గడిస్తే గానీ తెలీదని రాశాడు. సరిగ్గా అలాగే జరిగింది, ఆయన టీం యోసెమిటీలో చిన్న జంతువుల్ని లెక్కేసిన చోట్లకే ఈ తరం వాళ్ళు మళ్ళీ వెళ్ళి 2008లో ఫలితాలు వేశారు, చూసిన 28 జాతుల్లో సగం సగటున 500 మీటర్లు కొండ పైకి జరిగాయి. వాతావరణం వేడెక్కడం గురించి అంత గట్టి ఆధారం దొరకాలంటే పాత నమూనాలు, పాత నోటుపుస్తకాలు రెండూ ఉండాలి. అందుకని మీ ఎంఓయూలో ఫీల్డ్ నోట్‌బుక్స్ కూడా కలపండి, మన దగ్గర ఎక్కువ పోయేది అవే, ప్రొఫెసర్ గారి ఇంట్లో అటక మీద ఉండి తర్వాత పాతకాగితాలవాడికి వెళ్ళిపోతాయి.

ప్రశ్న (జువాలజీ లెక్చరర్, తెలంగాణలో ఒక డిగ్రీ కాలేజీ): మ్యూజియం రూములో సీసాల్లో ఫార్మలిన్ సగానికి దిగిపోయింది, వాసనకి పిల్లలు లోపలికి రావట్లేదు. పాతవి పారేసి కొత్తవి తెచ్చుకోమంటున్నారు.

జవాబు: పారెయ్యకండి. కొత్తవి తెచ్చుకోవడం ఇప్పుడు అంత తేలిక కాదు, 2011లో, తర్వాత 2014లో యూజీసీ ఇచ్చిన ఆదేశాలతో డిసెక్షన్లు ఆగిపోయాయి, కోర్సుల కోసం జంతువుల్ని పట్టడం లేదు, వన్యప్రాణి చట్టం 1972 కింద రక్షణ ఉన్న జంతువైతే ప్రత్యేక పర్మిట్ లేకుండా ముట్టుకోకూడదు. అంటే మీ సీసాల్లో ఉన్నది మళ్ళీ రాదు. కిటికీలు తెరిచి, గ్లవ్స్ వేసుకుని ఒక్కొక్క సీసా తీసుకోండి, ముందుగా లేబుల్‌ని ఫోటో తియ్యండి, అది మొదటి పని, ఎందుకంటే లేబుల్ పోయిన నమూనా రీసెర్చ్‌కి పనికిరాదు. తర్వాత ద్రవం నింపడం, మూత సీల్ చెయ్యడం. దీర్ఘకాలం ఉంచాలనుకునేవి కడిగి మెల్లగా 70 శాతం ఆల్కహాల్లోకి మార్చుకోవచ్చు, దానికి ఎక్సైజ్ పర్మిషన్ కావాలి, ప్రిన్సిపాల్ పేరు మీద అప్లై చేయించండి. ఈ పని తెలిసినవాళ్ళు లేకుండా ఒక్కరే ఇదంతా చెయ్యకండి, దగ్గర్లో జెడ్ఎస్ఐ (జువలాజికల్ సర్వే ఆఫ్ ఇండియా) ఆఫీసు ఉంది హైదరాబాద్‌లో, వాళ్ళకి లిస్టు పంపి సలహా అడగండి.

ప్రశ్న (రిటైర్డ్ ఇంజినీర్, విశాఖపట్నం): ఇంత గొడవ ఎందుకు, అన్ని యూనివర్సిటీల కలెక్షన్లూ తీసుకెళ్ళి బొటానికల్ సర్వేకి, జువలాజికల్ సర్వేకి ఇచ్చేస్తే పోలా?

జవాబు: కొన్నిటికి అదే సరైన దారి, కాదనను. నెదర్లాండ్స్‌లో అలాగే చేశారు, లైడెన్, ఉట్రెక్ట్, వాహెనింగెన్ యూనివర్సిటీల హెర్బేరియంలు 1999లో ఒక జాతీయ హెర్బేరియం కిందికి వచ్చాయి, తర్వాత లైడెన్‌లోని నాచురలిస్‌లో కలిశాయి. ప్రిన్స్టన్ 1980ల్లో తన వెన్నెముక జంతువుల శిలాజాలు యేల్‌కి ఇచ్చేసింది. అవి బాగానే ఉన్నాయి.

కానీ ఒకచోట పోగుపెట్టడంలో ఒక ప్రమాదం ఉంది. రియో డి జనీరోలో బ్రెజిల్ జాతీయ మ్యూజియం, అది కూడా యూనివర్సిటీదే, ఫెడరల్ యూనివర్సిటీ నడిపేది, 200 ఏళ్ళ పండగ చేసుకున్న ఏడాదే, 2018 సెప్టెంబర్ 2 రాత్రి తగలబడింది. దాదాపు 2 కోట్ల వస్తువుల్లో చాలా భాగం పోయాయి, కీటకాల కలెక్షన్ దాదాపు మొత్తం పోయింది. ఏళ్ళ తరబడి మెయింటెనెన్స్ డబ్బు కోత పడుతూ వచ్చింది, అగ్నిప్రమాదాల నివారణ కూడా కలిపి 2 కోట్ల 17 లక్షల బ్రెజిల్ రియళ్ళ ఒప్పందం ఆ జూన్‌లోనే కుదిరింది, డబ్బు చేతికి రాకముందే మంటలొచ్చాయి. హెర్బేరియం మిగిలింది, ఎందుకంటే అది విడిగా వేరే బిల్డింగ్‌లో ఉంది. డూప్లికేట్ షీట్లు నాలుగు చోట్ల పంచి పెట్టుకునే పాత పద్ధతి ఇందుకే.

ఇంకోటి, మీ పిల్లలో మనవళ్ళో ఆంధ్రా యూనివర్సిటీలో బోటనీ చదివితే అనంతగిరి మొక్క చూడ్డానికి కోయంబత్తూరో హౌరానో వెళ్ళాలంటే ఎవరూ వెళ్ళరు. కొత్త జాతి కనిపెట్టినప్పుడు జీవవైవిధ్య చట్టం 2002 ప్రకారం నోటిఫై చేసిన రిపాజిటరీలో ఒక నమూనా ఎలాగూ ఇవ్వాలి, అది ఇవ్వండి, మిగతావి పిల్లలు చదివే చోట ఉండనివ్వండి. తిరుచ్చిలో సెయింట్ జోసెఫ్స్ కాలేజీ రాపినా హెర్బేరియం, ముంబై సెయింట్ జేవియర్స్‌లో బ్లాటర్ హెర్బేరియం దశాబ్దాలుగా కాలేజీల్లోనే నిలబడ్డాయి, వాటికి డిపార్ట్‌మెంట్ గది నంబరు కాకుండా సొంత పేరు, సొంత బాధ్యులు ఉన్నారు కాబట్టి.

ప్రశ్న (గృహిణి, హనుమకొండ): నేను బీఎస్సీ బోటనీ చదివి మానేశాను. ఇంట్లో ఖాళీగా ఉంటాను, మధ్యాహ్నాలు రెండు గంటలు ఇవ్వగలను. నాలాంటి వాళ్ళతో ఏమైనా పని ఉందా అండీ?

జవాబు: చాలా ఉందమ్మా. స్కాన్ చేసిన షీట్ల మీద లేబుల్ చదివి కంప్యూటర్లోకి ఎక్కించేవాళ్ళు లేక చాలాచోట్ల పని ఆగిపోయింది, పాత చేతిరాత, తెలుగు ఊర్ల పేర్లు ఇంగ్లీషులో వంకరటింకరగా రాసినవి, అవి మీలాంటి వాళ్ళు చదివినంత బాగా సాఫ్ట్‌వేర్ చదవడం కష్టం. మీకు దగ్గర్లో ఉన్న కాకతీయ యూనివర్సిటీ బోటనీ డిపార్ట్‌మెంట్‌కి ఒక ఉత్తరం రాసి, వెళ్ళి కలవండి, వారానికి ఏ రోజులు రాగలరో ముందే చెప్పండి. పాత షీట్లు చేత్తో పట్టుకోవాల్సి వస్తే గ్లవ్స్ వేసుకోండి, ఒకప్పుడు పురుగు పట్టకుండా మెర్క్యురిక్ క్లోరైడ్ పూసేవాళ్ళు, అది విషం, పని అయ్యాక చేతులు సబ్బుతో కడుక్కోండి. షీటు ఎప్పుడూ పేజీ తిప్పినట్టు తిప్పకండి, రెండు చేతులతో పళ్ళెంలా ఎత్తి పక్కన పెట్టండి. లేబుల్ మీద ఊరి పేరు అర్థం కాకపోతే ఊహించి రాయొద్దు, ఉన్నది ఉన్నట్టు ఎక్కించి పక్కన ప్రశ్నార్థకం పెట్టండి, తర్వాత ఆ ఊరివాళ్ళెవరో చూసి సరిచేస్తారు.